టెక్ సందేహాలు: చక్రం మీద మాగ్నెట్ నిలవాలంటే

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మా టీమ్ పోటీల కోసం చిన్న రేస్ కారు తయారుచేస్తోంది. స్పీడ్ సెన్సర్ కోసం చక్రం మధ్యలో ఉండే హబ్ మీద సూపర్ గ్లూతో అంటించిన మాగ్నెట్లు రెండో రౌండుకే ఎగిరిపోతున్నాయి. ఇంకా గట్టి గమ్ ఏదైనా చెప్పండి.

జవాబు: గమ్ సంగతి తర్వాత, ముందు చిన్న లెక్క చూద్దాం. టైరుతో కలిపి చక్రం 18 అంగుళాలు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర అది సెకనుకు 19 సార్లకు పైగా తిరుగుతుంది, అప్పుడు హబ్ మధ్య నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 2 గ్రాముల మాగ్నెట్‌ని బయటికి లాగే బలం 200 గ్రాముల బరువు వేలాడదీసినంత. అంతే! కొత్తిమీర కట్టంత బరువుకి ఊడిపోయే గమ్ ఏదీ ఉండదు. మీ మాగ్నెట్లని ఊడగొడుతున్నవి అదురు, వేడి. సూపర్ గ్లూ ఆరాక గాజులా పెళుసు, అదురుకి పగులుతుంది. ఇక వేడి అంటారా, తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు ముందు పోయే బండి బ్రేకుల వాసన ఎప్పుడైనా పీల్చారా? మీ బ్రేక్ డిస్క్ పక్కన కూడా అదే పరిస్థితి. పైగా మామూలు నియోడిమియం మాగ్నెట్ 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలవుతుంది, చల్లారినా పోయింది తిరిగి రాదు. కాబట్టి గమ్ గట్టిగా పట్టుకున్నా సెన్సర్‌కి ఏమీ కనపడని రోజు వస్తుంది. డిస్క్‌కి దూరంగా చోటు చూడండి, కుదరకపోతే వేడిని బాగా తట్టుకునే సమేరియం కోబాల్ట్ మాగ్నెట్ కొనండి, ధర కాస్త ఎక్కువే.

బిగించే పద్ధతి: హబ్ అల్యూమినియమైతే లేత్ షాపులో మాగ్నెట్ సైజుకి గుంత చేయించండి, ఆరపార రంధ్రం వద్దు. మాగ్నెట్ పైన నికెల్ పూత అద్దంలా ఉంటుంది, దాని మీద ఎపాక్సీ గమ్ నిలవదు, అందుకని గీతలు పడేంత వరకే గరుకు కాగితంతో రుద్ది, గుంతనీ మాగ్నెట్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ వేలు తగలనివ్వకుండా అంటించి, వేడిని తట్టుకునే రెండు ట్యూబుల ఎపాక్సీని 24 గంటలు ఆరనివ్వండి. ఆరాక గుంత అంచుని పంచ్‌తో నాలుగు చోట్ల లోపలికి ఒత్తించండి, దెబ్బ మాగ్నెట్ మీద పడితే అది బిస్కెట్‌లా విరిగిపోతుంది, జాగ్రత్త. హబ్ ఇనుముదైతే ఈ గుంత పద్ధతి వద్దు, మాగ్నెట్ శక్తి చుట్టూ ఉన్న ఇనుములోకే పోయి బయటికి తక్కువ వస్తుంది.

నన్నడిగితే అసలు మాగ్నెట్టే మానేస్తాను. లోహం దగ్గరికొస్తే పసిగట్టే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్ పెట్టి డిస్క్ బిగించిన ఇనుప బోల్టు తలల్నే లెక్కపెట్టించొచ్చు, టార్క్ చూసి బిగించిన బోల్టు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: చిత్తూరు నుంచి. మాగ్నెట్‌ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్ ముందు మాగ్నెట్ ఎంత దగ్గరగా పెట్టినా సిగ్నల్ రావడం లేదు.

జవాబు: మాగ్నెట్‌ని తిప్పి పెట్టండి. ఈ సెన్సర్ అక్షరాలున్న ముఖానికి దక్షిణ ధ్రువం చూపిస్తేనే పలుకుతుంది. అప్పటికీ రాకపోతే అవుట్‌పుట్‌కీ పాజిటివ్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారో లేదో చూడండి. పని చేసిన వైపు మార్కర్‌తో చుక్క పెట్టాకే ఎపాక్సీ ముట్టుకోండి.