కుక్కని ఎవరు చూస్తారు?

ప్రశ్న: పెళ్లై పన్నెండేళ్లయింది. ఎనిమిది నెలల క్రితం మావారు వెనక గదిని తానే బాగు చేస్తానని మొదలుపెట్టారు. సెలవు రోజులన్నీ అందులోనే పోతున్నాయి, గది మాత్రం అవ్వలేదు. మూత తీసిన రంగు డబ్బా మీద పొర కట్టేసింది. మా కుక్క ఆ గుమ్మంలోనే పడుకుంటుంది, దాని ముక్కు మీద ఎప్పుడూ తెల్లటి పొడే. రెండుసార్లు టూర్ అనుకుని మానేశాం. అడిగితే "ముందు గది అవనీ" అంటారు. గట్టిగా అడిగితే "కుక్కని ఎవరు చూస్తారు?" అంటారు. దానికి పదకొండేళ్లు, దాని పనంతా నాదే. నిజానికి దాన్ని వదిలి నేనూ ఉండలేను. పాప టూర్ గురించి అడగడమే మానేసింది. నేను ఎక్కువ ఆశిస్తున్నానా?

జవాబు: లేదమ్మా, మీరు ఎక్కువేమీ ఆశించడం లేదు. పాప అడగడం మానేసిందన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మారాం చేసే పిల్లకి సర్దిచెప్పొచ్చు. అడగడం మానేసిన పిల్ల గురించి మాత్రం ఆలోచించాల్సిందే.

మీవారి వైపు కూడా ఒకసారి చూద్దాం. "ముందు గది అవనీ" అన్న ప్రతిసారీ అది త్వరలోనే అయిపోతుందని ఆయన నమ్మే అని ఉంటారు. రోజర్ బ్యూలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని విద్యార్థుల్ని అడిగితే సగటున 34 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. చదువుకునే పిల్లల లెక్కే అంత తప్పితే, మొదటిసారి పుట్టీ పట్టిన మనిషి లెక్క తప్పదా? పుట్టీ ఆరాలి, గీకాలి, ప్రైమర్ వేయాలి, అదీ ఆరాలి, ఆపైన రెండు పూతలు. చేతి పని రెండు గంటలైతే ఎదురుచూపు రెండు రోజులు. ఈలోగా మీరు గుమ్మంలో నిలబడి "ఇంకా అవ్వలేదా?" అంటే ఆయనకి ఆ గదిలో అడుగుపెట్టాలంటేనే టెన్షన్. నాకు తెలిసిన చాలా ఇళ్లలో సగంలో ఆగిన పనికి బద్ధకం కన్నా ఈ బెరుకే కారణం.

అందుకే టూర్‌ని గదికి ముడిపెట్టకండి. ఈ ఉత్తరం మొత్తానికీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ముందు తేదీ వేసుకోండి, సెలవు పెట్టించండి, టికెట్లు తీసుకోండి. గది సగంలో ఉన్నా తాళం వేసి వెళ్లొచ్చు. మిగిలిన పనుల్ని ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఏది ఏ వారమో పక్కనే వేసుకోండి, ఆయన చెప్పిన గడువుకి సగం కలిపి మరీ. పనివాళ్లకి ఇవ్వగలిగింది ఒక్కటైనా ఇచ్చేయండి. కరెంటు పని అయితే తప్పకుండా ఇవ్వండి. పూర్తికాని పని మనసుని పీకుతూ ఉంటుంది. ఎప్పుడు, ఎలా చేయాలో ఖాయం చేసుకుంటే ఆ పీకుడు తగ్గుతుందని 2011లో మాసికంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో తేలింది. పని ముగియకపోయినా సరే. ఆ కాగితం ఉంటే టూర్‌లో మీవారి ధ్యాస గది మీద ఉండదు.

ఆ తెల్లటి పొడి సంగతి మాత్రం రేపటిదాకా ఆపకండి. ఇల్లు పాతదైతే గోడల పాత రంగులో సీసం ఉండొచ్చు. గీకినప్పుడు లేచే దుమ్ము పిల్లలకీ, కుక్కలకీ చాలా హాని. కుక్క ఆ నేల మీదే పడుకుని కాళ్లు నాక్కుంటుంది కదా, అదంతా దాని కడుపులోకే పోతుంది. ఆ రంగులో సీసం ఉందో లేదో పరీక్ష చేయించేదాకా గీకడం ఆపించండి. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ పెట్టండి. పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. కుక్క పడకని ఇవాళే వేరే గదిలోకి మార్చండి.

ఇక "కుక్కని ఎవరు చూస్తారు?" అన్న ఆ ప్రశ్న. మీవారికి అది వాదన ముగించే మాట. మీకూ అది కొంత ఊరటే. "నేనూ ఉండలేను" అని మీరే రాశారు. పాపం, ఆ మూగజీవి మీ ఇద్దరి మధ్య అడ్డుగోడ అయింది. కాబట్టి ఆ ప్రశ్నకి నిజంగానే జవాబు వెతకండి. ముసలి కుక్కకి సొంత ఇల్లే హాయి. అది ఎరిగిన మనిషి వచ్చి ఇంట్లో ఉండగలిగితే అంతకన్నా మేలు లేదు. కుదరకపోతే పెట్ బోర్డింగ్. చాలాచోట్ల టీకాల కార్డు అడుగుతారు, బయల్దేరేముందు హడావుడి పడకుండా కొన్ని వారాల ముందే డాక్టర్‌కి చూపించండి. ఉతకని దాని దుప్పటి, రోజూ తినే తిండి, మందుల వేళలు రాసిన చీటీ వెంట పంపండి. మొదట రెండు మూడు గంటలు వదిలి చూడండి, తర్వాత ఒక రాత్రి. ఈ ఏర్పాట్లన్నీ మీవారికే అప్పగించండి. అడిగింది ఆయనే కదా. కోపంతో మాత్రం వద్దు, "దీని సంగతి మీరు చూడండి, నేను నిశ్చింతగా ఉంటాను" అనండి.

టూర్ మాట ఆ గది గుమ్మంలో ఎత్తకండి. ఇద్దరూ నడుస్తున్నప్పుడో, పాప పడుకున్నాకో, "మీతో నాలుగు రోజులు గడపాలని ఉంది" అని చెప్పండి. మీ ఉత్తరంలో ఫిర్యాదులన్నీ ఉన్నాయి, ఈ ఒక్క మాటే లేదు. బహుశా ఆయనకీ ఇప్పటిదాకా వినిపించి ఉండదు.

కుక్కని బోర్డింగ్‌లో ఉంచి చూసే ఆ రాత్రి మీ ముగ్గురికీ ఖాళీయే. ఆ సాయంత్రం వెనక గది తలుపు తీయకండి. ఎక్కడికి వెళ్లాలో పాపనే అడగండి.