సైకిలు సందేహాలు: పాత గేర్ల సైకిలుకు ఫిక్స్‌డ్ గేర్

ప్రశ్న: మా మేనమామగారు 1980లలో ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పన్నెండు గేర్ల రోడ్ సైకిలు మా మేడ మీది గదిలో పడి ఉంది. స్టీలు ఫ్రేముకు ఎక్కడా తుప్పు లేదు గాని, గేర్లు మార్చే డీరేలర్ల స్ప్రింగులు పోయాయి, వాటి విడిభాగాలు దొరకడం లేదు. గేర్లన్నీ తీసేసి దాన్ని, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరిగే ఫిక్స్‌డ్ గేర్ సైకిలుగా మార్చుకోవాలని ఉంది. కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలును వెల్డింగు చేసి బిగించేస్తే కొద్ది ఖర్చుతో పని అయిపోతుందని మా వీధి మెకానిక్ అంటున్నాడు. నా దగ్గర ఐదు వేలకు మించి లేవు. అతని మాట వినవచ్చా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వినకండి. వెల్డింగు చేసిన ఫ్రీవీలుతో చక్రమూ పెడళ్లూ కలిసి తిరిగే మాట నిజమే గాని, అది మీరు ముందుకు తొక్కుతున్నంతసేపే. ఫ్రీవీలు చక్రం నడుమ ఉండే హబ్బు మీదికి మామూలు కుడి మరతో ఎక్కుతుంది కాబట్టి తొక్కేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో వేగం తగ్గించాలంటే ముందుకు తిరుగుతున్న పెడళ్లకు ఎదురుగా కాళ్లు బిగబట్టాలి. అప్పుడు ఆ బలమంతా మరను విప్పే వైపు పనిచేస్తుంది. వెల్డింగు ఫ్రీవీలు లోపలి భాగాన్నీ బయటి భాగాన్నీ ఒకటి చేస్తుందే తప్ప ఫ్రీవీలును హబ్బుకు కట్టి ఉంచదు. ఫ్లైఓవరు దిగుతూ కాళ్లు బిగబట్టిన క్షణంలో అది హబ్బు మీద నుంచి మర విప్పుకుని పక్కకు జరిగిందంటే, మీరు నమ్ముకున్న వెనుక బ్రేకు లేనట్టే. పోనీ హబ్బుకే నేరుగా వెల్డింగు చేయిద్దామంటే, అల్యూమినియం హబ్బుకు ఉక్కు అతకదు. స్టీలు హబ్బుకు అతుకుతుంది గాని, పళ్లు అరిగిన రోజున హబ్బునే పారేయవలసి వస్తుంది. వెల్డింగు వేడికి గట్టిదనం పోయిన పళ్లు అరగడానికి ఎక్కువ కాలమూ పట్టదు.

దీనికోసమే తయారైనది ట్రాక్ హబ్బు. దాని మీద రెండు వరసల మరలు ఉంటాయి. లోపలి పెద్ద మర కుడి మర, దాని మీదికి కాగ్ అనే పళ్ల చక్రం ఎక్కుతుంది. దానికి బయట, కొంచెం తక్కువ వ్యాసంతో ఎడమ మర ఉంటుంది, దాని మీదికి లాక్‌రింగు ఎక్కుతుంది. మీరు కాళ్లు బిగబట్టినప్పుడు కాగ్ విప్పుకోబోయి లాక్‌రింగును నెడుతుంది. లాక్‌రింగుది ఎడమ మర గనుక అదే నెట్టుడుకు అది ఇంకా బిగుస్తుంది. మీ ఐదు వేలలో పెద్ద వాటా ఈ హబ్బుకూ, మంచి ఉక్కు కాగ్‌కూ, లాక్‌రింగుకూ పెట్టండి. రంగుల రిమ్ములు, సన్నని హ్యాండిల్, మెరిసే గొలుసు వంటివి తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

హబ్బు కొనేటప్పుడు ఒక వైపు కాగ్‌కూ, రెండో వైపు ఫ్రీవీలుకూ మరలున్న ఫ్లిప్‌ఫ్లాప్ రకం అడగండి. మన మామూలు సైకిలు షాపుల్లో దొరికే ఒంటి ఫ్రీవీలు సాధారణంగా ఆ రెండో వైపుకు సరిపోతుంది. అయినా మొదట చేత్తోనే తిప్పి చూడండి, ఒక చుట్టు తిరగకముందే పట్టేస్తే బలవంతం చేయకండి. ఫిక్స్‌డ్ మీకు నచ్చకపోతే చక్రం విప్పి, అటుదిటు తిప్పి బిగిస్తే మామూలు సైకిలైపోతుంది. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డీరేలర్లను రానివ్వలేదు. అంతవరకు ఆ పందెగాళ్లు కొండ కిందా కొండ పైనా దిగి, వెనుక చక్రాన్ని ఇలాగే తిప్పి బిగించుకుని వేరే పళ్ల మీద సాగేవారు.

ఇక మీ ఫ్రేము సంగతి. ముందుగా వెనుక ఇరుసు కూర్చునే గాడిని చూడండి. ఆ కాలపు రోడ్ సైకిళ్లకు అది దాదాపు అడ్డంగా, ముందుకు తెరుచుకుని ఉంటుంది. గొలుసు బిగువు సరిచేయడానికి ఇరుసును ముందుకూ వెనక్కూ జరపడం అందులోనే వీలవుతుంది కాబట్టి, అలా ఉంటే మీ సైకిలు ఈ మార్పుకు పనికి వచ్చినట్టే. తర్వాత రెండు గాడుల మధ్య దూరం స్కేలుతో కొలవండి. వెనుక పళ్ల చక్రాలు ఆరు ఉన్న ఆ తరం ఫ్రేములకు అది 126 మిల్లీమీటర్లు ఉంటుంది, ట్రాక్ హబ్బు వెడల్పు 120. మిగిలిన ఆరు మిల్లీమీటర్లను నట్టు బలంతో ఫ్రేమును నొక్కి సరిపెట్టకండి, గాడులు వంకరపోతాయి. ఇరుసు మీద ఒక్కో వైపు మూడు మిల్లీమీటర్ల వాషరు చొప్పున, ఫ్రేముకు లోపలి వైపున వేయించండి.

రిమ్ము బాగుంటే కొత్త చక్రం కొనవలసిన పని లేదు. పాత రిమ్ములో ఉన్న పుల్లల రంధ్రాలు లెక్కపెట్టి (36 ఉండవచ్చు, ఇంకా పాత ఇంగ్లీషు సైకిళ్లకు వెనుక 40 ఉండేవి) అదే లెక్కకు హబ్బు తీసుకుని, కొత్త పుల్లలతో అల్లించి బెండు తీయిస్తే చాలు. మీ మెకానిక్ చేతి పనితనం కావలసింది ఇక్కడే, దానికి మజూరీ ఇవ్వడానికి వెనకాడకండి. తయారుగా ఉన్న చక్రమే కొంటానంటే మాత్రం ఒక తేడా గుర్తుంచుకోవాలి: పాత 27 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు, ఇప్పటి 700సి రిమ్ములో 622. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు, పైగా బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగవలసి ఉంటుంది. రిమ్ము క్రోమ్ పూత వేసిన స్టీలుదైతే వానలో బ్రేకు సరిగా పట్టదు కాబట్టి, రిమ్ము మార్చగలిగే డబ్బు ఒక్క చక్రానికే ఉంటే ముందు చక్రానికి మార్చండి.

ముందు వైపు కొనవలసింది దాదాపు ఏమీ లేదు. పెడళ్లు తగిలించి ఉండే మీ క్రాంకుకు 52 పళ్లది, 42 పళ్లది రెండు చైన్‌వీళ్లు ఉండి ఉంటాయి. పెద్దదాన్ని తీసేసి, చిన్నదాన్ని దాని లోపలి స్థానంలోనే ఉంచండి. అక్కడ అది ఫ్రేము మధ్య గీత నుంచి సుమారు 41 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, ట్రాక్ హబ్బు కాగ్ 42 దగ్గర ఉంటుంది. గొలుసు తిన్నగా నడవడానికి ఆ తేడా అడ్డం కాదు. ఒక చైన్‌వీలు తీసేశాక బోల్టులు పొడవైపోయి బిగియవు, పొట్టి బోల్టులు అడగండి. కొన్ని చవక క్రాంకులకు రెండు చైన్‌వీళ్లనూ రివెట్లతో బిగించేసి ఉంటారు. మీది అలాంటిదైతే పెద్దదాన్ని అలాగే వదిలేసి గొలుసును చిన్నదాని మీద నడపండి, చూపుకు బాగుండదు గాని పనికి లోటు లేదు.

వెనుక 17 పళ్ల కాగ్ వేయమని నా సలహా. 42కు 17 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు సుమారు 5.3 మీటర్లు వెళుతుంది, నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 25 కిలోమీటర్ల వేగం వస్తుంది. మన మామూలు సైకిళ్లలో చాలావాటికి ముందు 44, వెనుక 18 పళ్లు ఉంటాయి. తొక్కడానికి దాదాపు అదే బరువు గనుక కాళ్లకు కొత్తగా తోచదు. చక్రాన్ని ఆపి టైరును రోడ్డు మీద జార్చే విన్యాసం చేసేవారు కూడా ఈ లెక్కను ఇష్టపడతారు. జార్చేటప్పుడు పెడళ్లు ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటాయి గాని, 42, 17 సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేనందున టైరు పదిహేడు వేర్వేరు చోట్ల అరుగుతుంది. అదే 48కి 16 వేస్తే ప్రతిసారీ ఒకే చోట అరిగి, కొద్ది రోజుల్లోనే ట్యూబు బయటికి చూస్తుంది. మీరు ఆ విన్యాసాల జోలికి పోకపోతే మీ టైరుకే మేలు.

గొలుసు మామూలు సైకిలుదే సరిపోతుంది. గేర్ల సైకిలు గొలుసు కన్నా అది వెడల్పు కాబట్టి సన్న పళ్ల మీదా, మందపు పళ్ల మీదా నడుస్తుంది. గేర్ల గొలుసు మందపు కాగ్ మీద కూర్చోదు. గొలుసు లాకు మూసి ఉన్న కొస గొలుసు పోయే వైపు ఉండాలి. బిగువు చూడటానికి గొలుసు నడుమ వేలితో పైకీ కిందికీ ఆడించండి, సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. ఒక్క చోట చూసి వదిలేయకుండా క్రాంకును మెల్లగా ఒక చుట్టు తిప్పుతూ చూస్తే, ఎక్కడో ఒక చోట గొలుసు తీగలా బిగుసుకోవడం, దానికి ఎదురు చోట వేలాడటం కనిపిస్తుంది. చైన్‌వీలు నడిమధ్యకు కూర్చోలేదని దాని అర్థం. బోల్టులు కొద్దిగా వదులు చేసి, బిగువుగా ఉన్న చోట గొలుసును పైనుంచి మెల్లగా తట్టి మళ్లీ బిగించండి. వదులు గొలుసు ఫిక్స్‌డ్ సైకిలులో ఊడిందంటే వెనుక చక్రం ఒక్కసారిగా పట్టేయవచ్చు.

కాగ్‌ను గొలుసు పట్టీతో (పిడికి గొలుసు ముక్క తగిలించిన పనిముట్టు) బిగించి, లాక్‌రింగును కొక్కెం స్పానరుతో బిగించాక, ఏదైనా ఎత్తు మీద గట్టిగా తొక్కి రండి. తొక్కుడుకు కాగ్ ఇంకొంచెం లోపలికి కూర్చుంటుంది, అప్పుడు లాక్‌రింగును మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు మరిచిపోయేవారే ఎక్కువ.

ముందు బ్రేకు తీయకండి. వెనుక బ్రేకు ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం, ముందుది మాత్రం కాదు. మరొక మాట, ఇది మీ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి: సైకిలును తలకిందులుగా పెట్టి చక్రం తిరుగుతుండగా గొలుసును గుడ్డతో తుడవకూడదు. మామూలు సైకిలులో వేలు చిక్కుకుంటే గొలుసు ఆగుతుంది. ఇందులో చక్రం వేగమంతా పళ్ల మీదికి వచ్చి వేలును తీసుకుపోతుంది. ప్యాంటు కాలును క్లిప్పుతో బిగించుకోవడం కూడా అందుకే, పంచెతో అయితే ఎక్కనే వద్దు.

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల కిందట కొన్న అల్యూమినియం ఫ్రేము రోడ్ సైకిలు. వెనుక ఇరుసు గాడులు నిలువుగా ఉన్నాయి. గొలుసు లాగి పట్టే టెన్షనరు పెట్టి దీన్ని ఫిక్స్‌డ్‌గా మార్చవచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టెన్షనరుతో కుదరదు. టెన్షనరు గొలుసు కింది వరసను స్ప్రింగుతో పట్టి ఉంచుతుంది. ఫిక్స్‌డ్‌లో కాళ్లు బిగబట్టగానే లాగుడంతా ఆ కింది వరస మీదికే వస్తుంది, అప్పుడు టెన్షనరు వంగిపోవడమో విరిగిపోవడమో జరుగుతుంది. నిలువు గాడి ఫ్రేములకు ఇరుసు కేంద్రం నుంచి తప్పి ఉండే ప్రత్యేకమైన హబ్బులు ఉన్నాయి గాని, వాటి ధర పెట్టే బదులు అడ్డ గాడి ఉన్న పాత స్టీలు ఫ్రేము వెతుక్కోవడం తేలిక. మీ సైకిలును ఫ్రీవీలుతో ఒంటి గేరు సైకిలుగా మార్చండి, దానికి టెన్షనరు నిక్షేపంగా పనిచేస్తుంది. మీ ఊరు కైలాసగిరి, సింహాచలం దారులున్న ఊరు. ఎక్కడం మాట అలా ఉంచితే, దిగేటప్పుడు ఆగకుండా తిరిగే పెడళ్లతో మోకాళ్లు పడే పాట్లు తలచుకుంటే, గాడులు అడ్డంగా ఉన్నా నేను మీకు ఇదే చెప్పేవాణ్ణి.

ప్రశ్న: నేను ఇంగ్లండులో చదువుకుంటున్నాను. ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత సైకిలును ఫిక్స్‌డ్‌గా మార్చాను. మిత్రులు బ్రేకులు రెండూ తీసేస్తేనే అందమంటున్నారు. తీయవచ్చా?
— ఒక విద్యార్థి, లెస్టర్

జవాబు: అక్కడి చట్టమే ఒప్పుకోదు. బ్రిటన్‌లో 1983 నాటి పెడల్ సైకిళ్ల నిబంధనల ప్రకారం సైకిలుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకు ఏర్పాట్లు, ఒకటి ముందు చక్రానికీ ఒకటి వెనుక చక్రానికీ, ఉండాలి. ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనుక ఏర్పాటుగా లెక్కిస్తారు, ముందు బ్రేకు తప్పనిసరి. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించగా, తొక్కిన యువకుడికి మరుసటి సంవత్సరం జైలుశిక్ష పడింది. బ్రేకుల్లేని సైకిలు ఉండవలసిన చోటు వెలొడ్రోమ్ అనే సైకిలు పందేల మైదానం. అక్కడ అందరూ ఒకే వైపు తిరుగుతారు, ఎవరూ అడ్డం రారు, ఎవరూ ఉన్నట్టుండి బ్రేకు వేయరు. సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలొడ్రోమ్ వాలు గోడ చూస్తే ఆ సైకిలు ఎందుకలా ఉంటుందో తెలుస్తుంది.

ముందు బ్రేకు కేబులు పాతదైతే వానాకాలం మొదలవకముందే మార్చండి. రబ్బర్లు రిమ్ముకు తగలాలి, టైరుకు తగలకూడదు.