కళ్లకు కట్టినట్టు గుర్తుంటే నిజమేనా?

నాన్నగారు పోయిన రాత్రి ఫోన్ ఎత్తింది మీరేనని మీకు బాగా గుర్తుందని, అక్కేమో తానే ఎత్తానంటోందని, ఆమె అబద్ధమాడుతోందా అని అడిగారు. అబద్ధం కాకపోవచ్చండీ. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త తమకెలా తెలిసిందో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే, నాలుగో వంతు మంది ప్రధాన వివరాలన్నీ తప్పు చెప్పారు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది! సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. కాబట్టి (ఏమనుకోకండి) మీ నమ్మకం కూడా సాక్ష్యం కాదు. ఆ రాత్రి ఫోన్ చేసినవాళ్లను అడగండి. లేదా మీరిద్దరూ ముందే మాట్లాడుకోకుండా విడివిడిగా రాసి, ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. అక్కను నిలదీయడం మాత్రం వద్దు.