సందేహాలు – సమాధానాలు: చుట్టరికమా, ప్రమేయమా?

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి వీసా పని కోసం అమెరికా వలస చట్టంలోని ఒక భాగాన్ని తెలుగులో రాసుకుంటూ, ‘ఉగ్రవాదులతో సంబంధం ఉన్నవారికి ప్రవేశం నిషిద్ధం’ అన్నాను. మా ఆవిడ చదివి ‘అంటే, వాళ్ల చుట్టాలకా?’ అంది. ‘సంబంధం’ తప్పా? ఉగ్రవాది, తీవ్రవాది ఒకటేనా?

సమాధానం: మీ ఆవిడ సరిగ్గా చిక్కుముడి దగ్గరే వేలు పెట్టారు. మన గుంటూరు, బెజవాడల్లో ‘అమెరికా సంబంధం’ అంటే పెళ్లి తప్ప ఇంకోటి స్ఫురించదు. బహువచనం చేసినా తప్పించుకోలేం. ‘సంబంధాలు చూస్తున్నాం’ అన్నా పెళ్లే. పత్రిక శీర్షికకు ‘ఉగ్రవాదులతో సంబంధాలు’ చాలు, చట్టానికి చాలదు. 1952 నాటి ఆ చట్టం 212వ సెక్షన్‌లో ఉగ్రవాదం మాట 1990లో చేరింది. 2001లోనూ 2005లోనూ దాని పరిధి పెరిగింది. అందులో చేతలను విడివిడిగా చెప్పారు: సభ్యత్వం, శిక్షణ పొందడం, డబ్బో బసో వాహనమో సమకూర్చడం. ఈ చివరిదాన్ని కొందరు ‘భౌతిక మద్దతు’ అంటున్నారు. భౌతికం అనగానే నాకు భౌతికకాయమే గుర్తొస్తుంది! ‘డబ్బు, బస వంటి తోడ్పాటు’ అనండి. అన్నిటికీ కలిపి ఒక్క మాట కావాలంటే ‘ప్రమేయం’ నయం.

అయితే మీ ఆవిడ అనుమానంలోనూ కొంత నిజం ఉంది. అనర్హుడి భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఈ సెక్షన్ కిందికి వస్తారు, ఆ పని గత 5 ఏళ్లలో జరిగి ఉంటే. సంగతి తెలియనివారికి మినహాయింపు ఉంది. ఆ నిబంధనలో బావమరుదులు లేరు కనుక ‘చుట్టాలు’ అని మాత్రం రాయకండి.

తెలుగు పత్రికల్లో టెర్రరిస్టు ఉగ్రవాది. తీవ్రవాది అంటే ఒకప్పుడు నక్సలైటే. హిందీలో ఉగ్రవాదీ మన తీవ్రవాదికి దగ్గర. టెర్రరిస్టుకు వాళ్ల మాట ఆతంకవాదీ. దాన్ని మన ‘ఆటంకం’తో ముడిపెట్టేవాళ్లనూ చూశాను.

ఇక ‘నిషిద్ధం’. ఆ మాటలో సడలింపుకు చోటు లేదు, చట్టంలో ఉంది. దక్షిణాఫ్రికా నేత మండేలా పార్టీని అమెరికా ఉగ్రవాద సంస్థగా చూసినందువల్ల, అంతటివాడికీ 2008 దాకా ప్రత్యేక మినహాయింపు కావలసి వచ్చింది. కాబట్టి ‘అనర్హులు’ అనాలి. అలాగని ‘ప్రవేశానర్హులు’ అని సంధి చేశారో, ‘ప్రవేశాన అర్హులు’ అని విడగొట్టి చదివేవాళ్లుంటారు. ‘ప్రవేశానికి అనర్హులు’ అని విడిగానే రాయండి.