ఊరిని సముద్రం మింగేస్తే శరణార్థి హోదా వస్తుందా?

ఒడిశాలో గంజాం తీరంలోని మన తెలుగు జాలరి పేటల వాళ్లు అడిగే ప్రశ్న ఇది. రాదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో వేధింపులకు భయపడి దేశం దాటినవాళ్లకే వర్తిస్తుంది. పైగా దానిపై భారత్ సంతకమే చేయలేదు.

ఆ తీరంలో సముద్రం కోసేసిన పొదంపేట నుంచి కదిలినవాళ్లు ఈ దేశ పౌరులే, ఇక్కడే ఉన్నారు. వాళ్లు అడగాల్సింది పునరావాసం. అసలు చిక్కు అక్కడే ఉంది. సర్కారు భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం వస్తుంది, అల తీసుకుంటే రాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం తుపానుకైతే బాగానే పనికొస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపే లక్షల మందిని తరలించారు. ఏటా కాస్త కాస్త కోసుకుపోయే ఒడ్డుకు అంత హడావిడి ఎవరు చేస్తారు?

ఒక దారి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కు, ఒడ్డు కోత వల్ల నిర్వాసితులైనవారి పునరావాసం కోసం 1,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో ఆ మాట రాయండి. కొత్త కాలనీకి ఒప్పుకునే ముందు మాత్రం పడవలు నిలిపే చోటు ఎంత దూరమో చూసుకోండి.