మూడు గంటల పెళ్ళాం

ప్రశ్న: మేడమ్, 'రోమియో అండ్ జూలియట్' మాకు డిగ్రీలో పాఠం. టైబాల్ట్‌ని చంపింది రోమియో అని తెలిశాక కూడా జూలియట్ అతని పక్షానే నిలబడుతుంది. కళ్ళెదుట తిరిగిన అన్న కంటే నిన్న రాత్రి విందులో చూసిన అబ్బాయి ఎక్కువైపోయాడా? నాకు ఆమె మీద చాలా కోపమొచ్చింది.
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: ముందు ఒక చిన్న సవరణ తల్లీ. టైబాల్ట్ ఆమెకు అన్న కాడు. అతని శవం మీద పడి జూలియట్ తల్లి 'నా తోడబుట్టినవాడి బిడ్డ' అని ఏడుస్తుంది. అంటే మేనమామ కొడుకు, మన వరసలో బావ. ఇంగ్లీషు 'కజిన్'లో వరసలన్నీ కలిసిపోతాయి. ఈ మాట చెప్పగానే క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా పుస్తకం తెరిచేవారు.

ఇక నీ కోపం. మూడో అంకం రెండో రంగం మళ్ళీ నిదానంగా చదువు. టైబాల్ట్ చావు కబురు వినగానే, ఆ పూటే రోమియోని చాటుగా పెళ్ళాడిన జూలియట్ ముందు తిట్టేది రోమియోనే. పువ్వులాంటి మొహం వెనక పాము గుండె దాచుకున్నావంటుంది. అది విని దాది వంత పాడి, రోమియో సిగ్గుతో చావాలంటుంది. అంతే, నీ నాలుక బొబ్బలెక్క అని జూలియట్ దాది మీద విరుచుకుపడుతుంది. పెళ్ళయిన మొదటి సంక్రాంతికి మా ఆయన మీద నేనే అమ్మమ్మకు చాడీలు చెప్పాను. 'అవునే, మనిషి కాస్త పిసినారే' అని ఆవిడ అన్నదో లేదో, చేతిలో అరిసె పళ్ళెంలో పడేసి లేచిపోయాను. అమ్మమ్మ మొహం ఇప్పటికీ కళ్ళలో ఉంది. ఆ రంగంలోనే జూలియట్ తనను 'మూడు గంటల పెళ్ళాన్ని' అనుకుంటుంది. రోమియో, నీ పేరుని నేనే చీల్చి పోగులు పెడితే ఇంకెవరు నిమురుతారు అని కుమిలిపోతుంది.

పెళ్ళితో పక్షం మారడం రోమియోకీ అయింది. పెళ్ళి చేసుకుని నేరుగా వీధిలోకొచ్చి, తన ఇంటికి పగవాళ్ళైన జూలియట్ వాళ్ళ తరఫున కయ్యానికి వచ్చిన టైబాల్ట్‌తో నీ ఇంటిపేరు నాకు నా ఇంటిపేరంత ప్రియం అంటాడు. పెళ్ళి సంగతి తెలియని రోమియో స్నేహితుడు మెర్కూషియో అది పిరికితనమనుకుని తనే కత్తి దూస్తాడు. విడదీయబోయిన రోమియో చేతికిందనుంచే టైబాల్ట్ పోటు తిని పోతాడు. ఆ కోపంలోనే రోమియో టైబాల్ట్‌ని చంపేస్తాడు.

ఇన్నేళ్ళుగా నన్ను వదలని మనిషి మాత్రం దాది. సొంత కూతురు సూసన్ పోతే ఈ పిల్లకు పాలిచ్చి పెంచుకుంది. రొమ్ముకు చేదు రాసి పాలు మాన్పించిన రోజు, అదే రోజు భూమి కంపించిన వైనం, ఎవరు ఆపమన్నా ఆపకుండా చెబుతుంది. తాళ్ళ నిచ్చెన మోసుకొచ్చిందీ ఆవిడే. అలాంటి మనిషి ఐదో రంగంలో, ఇంట్లోవాళ్ళు కుదిర్చిన పారిస్‌ని చేసుకోవే, అతని ముందు రోమియో మసిగుడ్డ అంటుంది. జూలియట్ ఈసారి తిట్టదు. బాగా ఓదార్చావని చెప్పి పంపేస్తుంది. ఆవిడ గడప దాటాక, ఇకమీదట నా మనసులో మాట నీకు చెప్పనని తేల్చేసుకుంటుంది. తిట్టినప్పుడు ఇంకా చనువుంది తల్లీ. ఈ మర్యాద చూస్తే నాకు గుండె జారిపోతుంది.

ఆ పెళ్ళి తప్పించుకోడానికి, చచ్చినట్టు నిద్రపుచ్చే మందు తాగే రాత్రి ఒక్కతే గదిలో భయమేసి 'దాదీ!' అని పిలుస్తుంది. పిలిచి, ఆవిడొచ్చి ఏం చేస్తుందిలే అనుకుంటుంది. అప్పటికి ఆ పిల్లకు 14 ఏళ్ళు కూడా నిండలేదు.