సీను గెలిచింది, సినిమా ఓడింది: కొత్తగా సమీక్షలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

హాలీవుడ్ కామెడీ 'ఐడెంటిటీ థీఫ్' మీద నువ్వు రాసి పంపిన సమీక్ష చదివాను. పాత సినిమాతో చెయ్యి సాధకం చేసుకోవడం మంచి ఆలోచనే. ఉదయం ఆట చూసి మధ్యాహ్నానికల్లా రేటింగ్ పెట్టేయాలన్న హడావుడి ఉండదు. కావలసినచోట ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. పైగా నువ్వు ఎంచుకున్నది తేలిగ్గా తేలే సినిమా కాదు. బాగున్నదాన్ని మెచ్చుకోవచ్చు, బాగోనిదాన్ని దులిపేయొచ్చు. సినిమా అంతా నీరసంగా ఉండి ఒక్క మనిషి మాత్రం హుషారుగా ఉంటే అప్పుడు మొదలవుతుంది మన అవస్థ.

నువ్వు జారింది కూడా అక్కడే. "కథ రొటీన్, సెకండాఫ్ ల్యాగ్, అయినా మెలిస్సా మెకార్తీ ఒంటిచేత్తో సినిమాను నిలబెట్టింది" అన్నావు. ఇందులో మెలిస్సా పేరు కొట్టేసి బ్రహ్మానందం పేరు పెట్టు. తెలుగులో ఎన్ని సినిమాల సమీక్షలకు అతుకుతుందో లెక్కపెట్టలేం. అదీగాక, నిలబెట్టింది అంటే సినిమా నిలబడినట్టేగా? మరి కింద రెండుంబావు ఎందుకిచ్చావు? పెళ్లిభోజనంలో ఆవకాయ ఒక్కటే బాగుంటే ఆవకాయ బాగుందంటాం గానీ, ఆవకాయ భోజనాన్ని నిలబెట్టిందనం.

నటులు సీనును కాపాడగలరు, సీన్ల వరసను కాపాడలేరు. వరస రచయిత చేతిలో, దర్శకుడి చేతిలో, చివరికి ఎడిటర్ చేతిలో ఉంటుంది. నటి పని ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో పాఠకుడికి చూపించగలిగితే 'కొంతవరకు కాపాడింది' అన్న మాటకు బలం వస్తుంది.

ముందు కథ సంగతి. సమీక్షలో సగం దానికే పెట్టేశావు. ఏడొందల మాటల సమీక్షలో కథకు నూటఇరవై దాటనివ్వకు. ఇంత చాలు: డెన్వర్‌లో లెక్కలు చూసుకునే ఉద్యోగి శాండీ ప్యాటర్సన్‌కి ఫోన్ వస్తుంది. మీ వివరాలు ఎవరో దొంగిలించబోయారు, ఉచితంగా రక్షణ ఇస్తామంటుంది అవతలి గొంతు. అతను పేరు, పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో మన ఆధార్ లాంటిది) అప్పజెప్పేస్తాడు. ఫ్లోరిడాలో ఉన్న డయానా (మెలిస్సా వేసిన వేషం) ఆ పేరుతో కార్డులు చేయించుకుని అతని పరువు, ఉద్యోగం రెండూ ముంచుతుంది. ఆమెను పట్టి తేవడానికి శాండీయే బయల్దేరతాడు. ఇక్కడితో ఆపు, క్లైమాక్స్ జోలికి పోకు. ఓటీపీ అడిగే ఫోన్లకు అలవాటుపడిన మనవాళ్లకు ఆ మొదటి సీను విడమరిచి చెప్పనక్కర్లేదు, కాబట్టి అక్కడ రెండు వాక్యాలు మిగుల్చుకోవచ్చు.

'లాజిక్ లేదు' అన్న నీ మాట కొట్టేయ్. ప్రయాణంలోనే కథ నడిచే రోడ్ కామెడీకి స్క్రిప్టు మూడు విషయాలు తేల్చాలి. రోడ్డు మీదే ఎందుకు వెళ్లాలి, మధ్యలో విడిపోకుండా ఏది ఆపుతోంది, ఎప్పటిలోగా చేరాలి. ఈ సినిమా మూడింటికీ జవాబు చెప్పింది. ఇద్దరి దగ్గరా ఒకే పేరున్న కార్డులు కాబట్టి విమానం కుదరదు. ఆమెను డెన్వర్ పోలీసుల ముందు నిలబెడితే తప్ప అతని మీద పడ్డ మచ్చ పోదు. కొత్తగా చేరిన ఉద్యోగం నిలవాలంటే వారమే గడువు. పోలీసులు ఇంత పని బాధితుడికి వదిలేస్తారా అంటే అది సాగదీసిన లాజిక్కే, కానీ అసలు లేదనలేం. లేనిది ఉందనడం, ఉన్నది లేదనడం సమీక్షకుడి పరపతిని ఒక్క దెబ్బతో తీసేస్తాయి.

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. ఫ్లోరిడాలోని వింటర్ పార్క్ నుంచి డెన్వర్‌కి రోడ్డున సుమారు 3,000 కిలోమీటర్లు. ఒకరంటే ఒకరికి గిట్టని ఇద్దర్ని అంతదూరం ఒక కారులో కూర్చోబెట్టడమే ఈ తరహా సినిమాకి పెట్టుబడి. పోట్లాట, మౌనం, ఆకలి, పాట, మళ్లీ పోట్లాట, అన్నీ ఆ నాలుగు తలుపుల మధ్యే పుట్టాలి. ఇక్కడ ఆ ఉక్కపోత కుదురుకుంటోంది అనుకునేసరికి తుపాకులు పట్టుకుని ఎవరో ఒకరు దిగుతారు. డయానా మోసం చేసిన ముఠా పంపిన ఇద్దరు ఒకవైపు, మనుషుల్ని వెతికిపట్టే వృత్తివాడు ఇంకోవైపు. ఆ వేషం 'టెర్మినేటర్ 2'లో వెంటాడిన రాబర్ట్ పాట్రిక్‌దే, పాపం ఇక్కడా అదే పని. వీళ్లు చాలనట్టు ఇంటిదగ్గర గర్భిణి భార్య, కొత్త కంపెనీ, పోలీసులు. 111 నిమిషాల్లో ఇన్ని దారాలు.

దీనివల్ల జరిగిన నష్టాన్ని 'ల్యాగ్' అన్న ఒక్క మాటతో సరిపెట్టావు. ల్యాగ్ అంటే ఏమిటో విప్పి రాయి. శాండీకి డయానా మీద మనసు మెత్తబడాలంటే వాళ్లిద్దరి మధ్యే ఏదో జరగాలి. ఇక్కడ తరిమేవాళ్లు వచ్చి వాళ్లను ఒకే పక్షం చేసేశారు. స్నేహం సంపాదించే శ్రమ స్క్రిప్టుకు తప్పింది, ప్రేక్షకుడికి నమ్మకం కూడా తప్పింది. ఛేజ్ వచ్చిన ప్రతిసారీ నిమిషం, సెకను కాగితం మీద వేసుకో. ఆ కాగితం చూస్తే ఎక్కడ నీరసించిపోయిందో నీకే తెలుస్తుంది.

గొంతు మీద గుద్దే జోకు సంగతి కూడా చూడు. తప్పించుకోవాలంటే డయానా ఎదుటివాడి గొంతు మీద ఒక్కటిస్తుంది. మొదటిసారి నవ్వొస్తుంది, ఎందుకంటే ఎదురుచూడం. మళ్లీ వచ్చే జోకు ఏదో ఒకటి మార్చుకుని రావాలి: కొట్టేవాళ్లో, తగిలేవాళ్లో, చోటో. అలా మారిందెక్కడ, మారనిదెక్కడ అని గమనించి ఒక్క ఉదాహరణ ఇస్తే 'కామెడీ పండలేదు' అనే అవసరమే రాదు. 'శాండీ' ఆడపేరులా ఉందన్న జోకుకూ ఇదే కొలత.

ఇక మెలిస్సా. ఆమె గురించి నువ్వు రాసినవన్నీ విశేషణాలే: అద్భుతం, సహజం, టైమింగ్ సూపర్. వీటి బదులు ఒక సీను పట్టుకో. డయానా జుట్టు చేయించుకుని, మంచి బట్టలు కట్టుకుని హోటల్లో భోజనానికి కూర్చుని తన గతం చెప్పుకునే సీను. పరాయి ఇళ్లలో పెరిగింది, తన అసలు పేరేమిటో తనకే తెలియదు. ఇంకొకరి పేరు దొంగిలించి బతికే మనిషికి సొంత పేరు లేదనడం స్క్రిప్టుకు తట్టిన ఒకే ఒక్క మంచి ఆలోచన. కానీ అక్కడిదాకా ఆమె కనిపించిన ప్రతివాడికీ ఏదో కట్టుకథ చెబుతూనే ఉంది. అబద్ధపు కన్నీళ్లు చూసి చూసి ఉన్నాం కాబట్టి ఈ కన్నీళ్లను నమ్మించడం నటి మీద పడింది. కాగితం మీద రెండూ ఏడుపులే, తేడా ఆమె తేవాలి.

ఆ సీను ముందు ధ్వని ఆపేసి చూడు. చూపు ఎటుంది, ఎక్కడ నవ్వబోయి ఆగింది, మాట ఎక్కడ మింగింది, రాసుకో. తర్వాత బొమ్మ చూడకుండా గొంతొక్కటే విను. ఆపైన ముందొచ్చిన అబద్ధపు సీను ఒకటి ఇలాగే చూసి రెండూ పక్కపక్కన పెట్టు. రచయిత రాసిన మాట ఏది, ఆమె అన్న తీరు ఏది, మాటే లేకుండా చేసింది ఏది, అప్పుడు విడిపోతాయి. సమీక్షలో నటికి ఇవ్వాల్సిన ఘనత చివరి రెండింటికే.

ఆమె ఓడిపోయిన చోటూ అక్కడికి దగ్గర్లోనే ఉంది. అంతకుముందు మోటెల్ గదిలో, దారిలో పరిచయమైన బిగ్ చక్‌తో వచ్చే సీనులో స్క్రిప్టు ఆమె ఒంటిని చూసి నవ్వమంటుంది. ఈ భోజనం దగ్గరికొచ్చేసరికి అదే మనిషి మీద జాలిపడమంటుంది. ఆ రెండు సీన్లకూ మధ్య స్క్రిప్టు వేసిన వంతెన లేదు, ఆమె మొహమే వంతెన. మొదటిది చూసి మొహం తిప్పుకున్నవాళ్లు రెండోదాకా రారు. అది ఆమె తప్పు కాదని రాయి, అయినా నష్టం జరిగిందనీ రాయి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. ఈ సినిమా వచ్చిన 2013లో న్యూయార్క్ అబ్జర్వర్‌లో రెక్స్ రీడ్ అనే సమీక్షకుడు ఆమె శరీరాన్ని ట్రాక్టర్‌తో, హిప్పోతో పోల్చి రాసి అందరిచేతా చీవాట్లు తిన్నాడు. నీ చిత్తులో 'భారీకాయంతో నవ్వులు పూయించింది' అని ఉంది. ఉద్దేశం వేరని తెలుసు, అయినా తీసెయ్. ఆమె ఒళ్లు వాడుకున్న తీరు గురించి ఎంతైనా రాయొచ్చు: కింద పడే పద్ధతి, పరుగెత్తి ఊపిరి అందక ఆగడం, కారు సీట్లో కుదురు లేకపోవడం. కొలతలు మనకెందుకు?

ఎదుటి పాత్రను, అంటే శాండీగా వేసిన జేసన్ బేట్‌మన్‌ను, నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. నవ్వించేవాళ్లకు ఎదురుగా నవ్వకుండా నిలబడే మనిషి కావాలి, అతని కంగారు కొలతనిబట్టే ఆమె అల్లరి ఎంతో తెలుస్తుంది. ఆ పని అతనికి చేతనవును, 'హారిబుల్ బాసెస్'లో ఇదే దర్శకుడు సేత్ గోర్డన్ దగ్గర చేసి చూపించాడు. ఇక్కడ మాత్రం అతనికి రాసింది ఒకటే స్పందన, నిట్టూర్పు. పైగా మధ్యలో అతను తన పాత బాస్ వివరాలు దొంగిలించి కార్డు సంపాదిస్తాడు. నీతి తప్పని మనిషి నీతి తప్పే ఆ మలుపులో బోలెడు హాస్యం ఉంది. సినిమా దాన్ని బాసు చెడ్డవాడులే అని దాటేసింది. దీనికో పేరా ఇవ్వు, ఇంకెవరి సమీక్షలోనూ కనిపించదు.

'రచయితకు రాయడమే రాదు' అన్న వాక్యం నీ మేలుకోసం తీసేయమంటున్నాను. ఈ స్క్రిప్టు రాసిన క్రెయిగ్ మేజినే 2019లో అందరూ మెచ్చిన 'చెర్నోబిల్' సిరీస్ రాశాడు. స్క్రిప్టును అను, మనిషిని అనకు.

'ఫ్లాప్' అన్నది కూడా తప్పే. దాదాపు 35 మిలియన్ డాలర్ల ఖర్చుకు ప్రపంచమంతా కలిపి సుమారు 174 మిలియన్లు వచ్చాయి. సమీక్షలు తిట్టిన సినిమాకి జనం ఎందుకెళ్లారంటే, 'బ్రైడ్స్‌మెయిడ్స్'తో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మెలిస్సా కోసం అని ఊహించవచ్చు. ఊహ అని చెప్పే రాయి.

రేటింగ్ ఆఖరున వేసుకో. సినిమాకి ఒకటి, నటికి ఒకటి వేసి సగటు కట్టకు. అలా కడితే ఎప్పుడూ రెండుంబావో రెండున్నరో వస్తుంది, చదివేవాడికి టిక్కెట్టు కొనాలో వద్దో తెలీదు. 'ఆమె సీన్లు చూడండి, ఛేజులు వచ్చినప్పుడు ముందుకు జరిపేయండి' అని తెలుగులో చెప్పేస్తే అంకె లేకపోయినా ఫరవాలేదు.

ఇంకో చిత్తు రాసి పంపు, ఏడొందల మాటలు మించకుండా. పంపేముందు హీరో పేరు సరిచూసుకో. జేసన్ బేట్‌మన్ అని రాయాలి. నీ కాగితంలో రెండుచోట్ల జేసన్ బ్యాట్‌మన్ అని పడింది, ఆ సినిమా వేరు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు